41వ నిమిషం దగ్గర ఆగిపోయే చెక్కభజన డిస్కు

బేతంచెర్ల నుంచి వచ్చిన ఆయన నా రిపేరు షాపు కౌంటర్ మీద టవల్లో చుట్టిన డీవీడీ ప్లేయర్ పెట్టాడు. దాని పక్కన ప్లాస్టిక్ కవర్లో ఒక డిస్కు. మావైపు డీవీడీ అయినా, వీసీడీ అయినా సీడీయే.

"సీడీ నలభై నిమిషాలు బాగా ఆడతాదన్నా. ఆ తర్వాత గళ్ళు గళ్ళు పడి నిలబడిపోతాది. ప్లేయర్ పోయిందంటాడు ఒకడు, సీడీ పోయిందంటాడు ఇంకొకడు. యాది పోయిందో నువ్వు చెప్పు."

ఏది పోయిందో సరిగ్గా చెప్పడానికి నాకు ఆరు రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి తప్పు కూడా చెప్పాను. మా లైన్లో ఉన్నవాళ్ళు అదే తప్పు చేస్తారని ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

డిస్కు సంగతి ముందు చెప్పాలి. ఆయన నాన్న చెక్కభజన గురువు. 2008 శ్రీరామనవమికి ఊళ్ళో ఆడించిన భజనను ఒక స్టూడియో అతను గంటసేపు తీసి, డీవీడీలో రాసి, పైన దేవుడి బొమ్మతో పేపర్ స్టిక్కర్ అంటించి ఇచ్చాడు. మరుసటి ఏడు వీళ్ళు కర్నూలు వన్‌టౌన్‌లో అద్దెకున్నారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆ ఇల్లు కూడా మునిగింది. నీళ్ళు దిగాక బీరువా కింది అరలో, బురదలో ఈ డిస్కు దొరికింది. కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, దాచుకున్నారు. తర్వాత ఆయనకు బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ మిషన్ దగ్గర పని దొరికి అక్కడికి మారిపోయారు.

ఇన్నేళ్ళూ లేని అవసరం ఇప్పుడు పడింది. ఈసారి నవమికి పిల్లలు కొత్తగా గజ్జె కడుతున్నారు. పెద్దాయనకు మోకాళ్ళు పోయాయి, నిలబడి అడుగు వేసి చూపించలేడు. ఒక అడుగు దగ్గర పిల్లలు తిప్పలు పడుతున్నారట. అది డిస్కులో ఇంచుమించు నలభై ఆరో నిమిషంలో ఉంటుంది. ప్లేయరేమో నలభై ఒకటి దాటదు.

ప్లేయర్ విప్పే ముందు నేను కస్టమర్ని మూడు ప్రశ్నలు అడుగుతాను. విప్పాక తెలిసేదానికంటే దీంట్లోనే ఎక్కువ తెలుస్తుంది. వేరే ప్లేయర్లో పెట్టి చూశారా? చూశాం, అక్కడా అంతే, కాకపోతే నలభై మూడు దాకా పోయింది. కంప్యూటర్లో? మేనల్లుడు లాప్‌టాప్‌లో పెడితే మొదటి మూడు ఫైళ్ళు తెరుచుకున్నాయి, నాలుగోది తెరుచుకోలేదు, "ఫైల్ కరప్ట్ అయింది మామా" అన్నాడు. డిస్కుకి ఏమైనా రాశారా? కాసేపు నసిగి, "కోల్గేట్" అన్నాడు. ఎవరో చెప్తే పళ్ళు తోముకునే పేస్టు రాసి, గుడ్డతో గుండ్రంగా, బాగా రుద్దారు.

ముందు ప్లేయర్ సంగతి చూశాను. కస్టమర్ డిస్కుతో కస్టమర్ ప్లేయర్‌ని పరీక్షించకూడదని నాకు నేను పెట్టుకున్న రూలు. అందుకే షాపులో ఐదు డిస్కులు పక్కన పెట్టుకుంటాను: కంపెనీ సినిమా డీవీడీ ఒకటి, రెండు లేయర్ల (ఒకదానిమీద ఒకటి రెండు డేటా పొరలున్న) పెద్ద సినిమా డీవీడీ ఒకటి, నేను రాసుకున్న డీవీడీ ఒకటి, ఒక వీసీడీ, ఒక ఆడియో సీడీ. వీటిని ఎవరికీ అరువు ఇవ్వను, మా ఇంట్లో వాళ్ళకి కూడా.

వీసీడీ, ఆడియో సీడీ చక్కగా ఆడాయి. కంపెనీ డీవీడీ లోడింగ్, లోడింగ్ అని అర నిమిషం తిప్పి ఎత్తుకుంది. నేను రాసుకున్న డీవీడీకి 'నో డిస్క్' వచ్చింది. ఇలా వీసీడీ ఆడి డీవీడీ ఆడకపోతే కొంతమంది నేరుగా "లెన్స్ పోయింది" అని బిల్లు రాసేస్తారు. లెన్స్ అంటే మా భాషలో లేజర్ బ్లాకు మొత్తం. వీసీడీకి వాడేది 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. రెండు డయోడ్లూ ఒకే బ్లాకులో ఉంటాయి కాబట్టి ఒకటి పోయి ఇంకొకటి బతికి ఉండొచ్చు, నిజమే. అయితే ఇంకో కారణమూ ఉంది. డిస్కు మీద డేటా ఉండే చుట్టుని ట్రాకు అంటాం. సీడీలో ట్రాకుకీ ట్రాకుకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74. వీసీడీది ఎద్దులబండి దారి, డీవీడీది పొలం గట్టు. మసక కళ్ళతో బండి దారిన పోవచ్చు, గట్టు మీద పోలేం. రాసుకునే డిస్కుల్లో సంగతి ఇంకాస్త సున్నితం: కంపెనీ డిస్కులో గుంటలు అచ్చు పోసినవి, మనం రాసుకున్నదానిలో రంగు పూత మీద కాల్చిన మచ్చలు.

మూత తీస్తే లోపల పిండిమర తెరిచినట్టు ఉంది. నాపరాయి పాలిష్ పొడి. బోర్డు మీద, ట్రే పళ్ళ మీద, లెన్స్ మీద, తెల్లగా, మెత్తగా. పవర్ సప్లై చూశాను, 5 వోల్టుల లైనులో 5.04 వచ్చింది, కెపాసిటర్లు ఉబ్బలేదు. అక్కడితో దాన్ని వదిలేశాను.

డిస్కు లేకుండా ఆన్ చేస్తే లెన్స్ పైకీ కిందకీ ఊగుతూ ఫోకస్ వెతుక్కుంటుంది. అప్పుడు పక్కనుంచి చూస్తే ఎర్రటి వెలుగు కనిపించాలి. పక్కనుంచే, పైనుంచి కన్ను పెట్టి చూడకూడదు. వెలుగు ఉంది, అంటే డీవీడీ డయోడ్ బతికే ఉంది. బ్లాకు మీద గింజంత ప్రీసెట్లు, అంటే లేజర్ పవర్ సర్దే మరలు, ఉంటాయి, వాటిని తిప్పితే లేజర్ పవర్ పెరిగి చచ్చిన ప్లేయర్ కూడా నాలుగు రోజులు ఆడుతుంది. ఆ తర్వాత డయోడ్ కాలిపోతుంది. కస్టమర్ బయటికి పోయేలోపు ఆడితే చాలనుకునేవాళ్ళు చేసే పని అది. వీటిని ఎవరూ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు.

లెన్స్ మీద ఉన్నది రాతి పొడి కాబట్టి నేరుగా బడ్‌తో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. లెన్స్ ప్లాస్టిక్. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాను. కంప్రెసర్ గాలి వద్దు, లెన్స్ వెంట్రుకంత తీగల మీద వేలాడుతూ ఉంటుంది, ఒక్క దెబ్బకి వంగిపోతుంది. పొడి పోయాక బడ్ కొనకు ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి, బరువు వేయకుండా మధ్యలోంచి బయటికి రెండుసార్లు తాకించాను. పొడి బడ్‌తో ఇంకోసారి. బ్రష్‌లున్న క్లీనింగ్ సీడీలు అమ్ముతారు, ఇలాంటి దుమ్ములో వాటిని పెడితే పొడిని లెన్స్ మీద ఈడ్చడమే అవుతుంది.

ఇప్పుడు నా డీవీడీ వెంటనే ఎత్తుకుంది. సంబరపడేలోపు, చివరి భాగానికి పంపిస్తే అక్కడ స్టక్ అయింది. కంపెనీ సినిమా కూడా క్లైమాక్స్ దగ్గర స్టక్. రెండు లేయర్ల సినిమా మాత్రం సగంలో స్టక్ అయి, ఫార్వర్డ్ చేసి దాటిస్తే ఆ తర్వాత శుభ్రంగా ఆడి చివరిదాకా పోయింది. చాలామందికి ఇక్కడ తికమక. ఒకటి చివర్లో ఆగుతుంది, ఒకటి మధ్యలో ఆగుతుంది, అంటే రెండు రకాల జబ్బా అని. జబ్బు ఒక్కటే. డీవీడీ లోపలి అంచు నుంచి మొదలై బయటికి పోతుంది. రెండు లేయర్ల సినిమాల్లో సాధారణంగా మొదటి లేయర్ బయటి అంచుదాకా పోతుంది, రెండో లేయర్ అక్కడినుంచి వెనక్కి లోపలికి వస్తుంది. ఆ సినిమా మధ్యలో ఉన్నప్పుడు లెన్స్ ఉండేది కూడా బయటి అంచు దగ్గరే.

కరెంటు తీసేసి లెన్స్‌ని నడిపే పళ్ళచక్రాన్ని వేలితో తిప్పాను. లోపలి రెండు వంతులు వెన్నలా జారింది. చివరి వంతులో ఇసుక నమిలినట్టు కరకర. పాత గ్రీజు గట్టిపడి, దాంట్లో రాతి పొడి కలిసి పట్టాల మీద సిమెంటులా తయారైంది. ఈ ఇంట్లో ఎక్కువగా చూసేవి సగం నిండిన పాటల డిస్కులు, లెన్స్ బయటి అంచుదాకా పోయే పనే పడలేదు. ఎవరూ నడవని దారిలో ముళ్ళు మొలిచినట్టు అక్కడే పేరుకుంది. పాత గ్రీజంతా తుడిచేసి, అగ్గిపుల్ల కొనతో కొత్త తెల్ల గ్రీజు పలచగా రాశాను. నా ఐదు డిస్కులూ మొదటినుంచి చివరిదాకా ఆడాయి.

ఇక్కడే తప్పు చేశాను. ఆయన డిస్కు పెట్టి మొదటి ఐదు నిమిషాలు చూశాను. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, చెక్కల మోత షాపు అదిరేలా వస్తోంది. ఆ ఊపులో ఫోన్ చేసి, "ప్లేయర్‌దే తప్పు. సీడీ బాగుంది, వచ్చి తీసుకుపో" అని చెప్పేశాను. మరునాడు ఆయన పని మానుకుని బస్సెక్కి వచ్చాడు. ఆయన ముందే పెట్టాను. నలభై ఒకటో నిమిషం. గళ్ళు. నిలబడిపోయింది.

ఆయన ఒక్క మాట అనలేదు. టీ తాగి, "సరే, నిదానంగా చూడన్నా, నవమి ఇంకా ఉండాదిలే" అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం డిస్కుని ట్యూబ్‌లైటు కింద పెట్టుకుని కూర్చున్నాను. మొదట మేనల్లుడు చెప్పిన మాట తేల్చుకున్నాను. డీవీడీలో బొమ్మా, శబ్దమూ ఉండే వీఓబీ ఫైళ్ళు ఒక్కొక్కటి ఒక జీబీ మించకుండా ముక్కలుగా ఉంటాయి. గంట వీడియోతో నిండిన డిస్కులో ఒక ముక్క దాదాపు పదమూడున్నర, పద్నాలుగు నిమిషాలు. మూడు ముక్కలు అయ్యేసరికి నలభై ఒకటి! నాలుగో ఫైలు మొదలయ్యే చోటే ఆగుతోంది కాబట్టి ఫైల్ కరప్ట్ అని ఎవరైనా అనుకుంటారు. కానీ వాళ్ళ రెండో ప్లేయర్ నలభై మూడు దాకా పోయిందన్నాడు కదా. ఫైలే చెడితే అది కూడా నలభై ఒకటి దగ్గరే ఆగాలి. నిమిషం, ఫైలు ఒకచోట కలవడం కాకతాళీయం.

తర్వాత కొలత. డీవీడీలో డేటా కేంద్రం నుంచి 24 మి.మీ. దగ్గర మొదలై 58 మి.మీ. దగ్గర ముగుస్తుంది. బయటికి పోయేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది కాబట్టి నిమిషాలు సమానంగా పంచుకోవు. లెక్క వేస్తే నలభై ఒకటో నిమిషం దాదాపు 50 మి.మీ. దగ్గర పడుతుంది, అంటే డిస్కు అంచు నుంచి సెంటీమీటరు లోపలికి. చివరి ఇరవై నిమిషాల భజన అంతా ఆ వేలెడు వెడల్పు లేని అంచులోనే ఉంది. స్కేలు పెట్టి అక్కడ స్కెచ్ పెన్‌తో స్టిక్కర్ వైపు చుక్క పెట్టుకున్నాను.

ఆ చుక్క దగ్గరినుంచి బయటికి మూడు కనిపించాయి.

మొదటిది వంపు. వరద నీళ్ళలో నానిన పేపర్ స్టిక్కర్ ఆరేటప్పుడు ముడుచుకుని డిస్కుని లాగేసింది. టేబుల్ అద్దం మీద పెడితే ఒకవైపు అంచు విజిటింగ్ కార్డు దూరేంత లేచింది. మూత తీసి ప్లేయర్లో తిప్పితే అంచు పెనం మీద దోసె అంచులా ఎగిరి పడుతోంది. లోపలివైపు ఈ ఊపు తక్కువ, లెన్స్ సర్దుకుంటుంది. బయటివైపు సర్దుకోలేదు.

రెండోది పేస్టు గీతలు. డిస్కుని తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవమని ఎందుకంటామో ఇక్కడ బాగా కనిపించింది. నిలువు గీత ట్రాకుని అడ్డంగా దాటుతుంది, పోయేది వెంట్రుకవాసి. డీవీడీలో ఉన్న తప్పులు దిద్దే ఏర్పాటు ట్రాకు వెంబడి సుమారు 6 మి.మీ. దెబ్బ వరకూ పూడ్చుకోగలదు. గుండ్రంగా రుద్దితే గీత ట్రాకు వెంబడే సెంటీమీటర్ల కొద్దీ పోతుంది. పూడ్చడానికి పక్కన ఏమీ మిగలదు.

మూడోదాన్ని చూసి గుండె జారింది. అంచున, గోరుచంద్రుడి ఆకారంలో, తెల్లటి పొర. డీవీడీ అంటే 0.6 మి.మీ. రేకులు రెండు జిగురుతో అతికించినవి, డేటా మధ్యలో ఉంటుంది. అందుకే పైన బురద పట్టినా ఇన్నేళ్ళు బతికింది. కానీ ఒకచోట అంచు జిగురు విడి, నీళ్ళు లోపలికి చేరి పూతని తినేశాయి. అది 55 మి.మీ. దగ్గర మొదలవుతోంది. నిమిషాల్లోకి మారిస్తే యాభై రెండు దాటాక. పెద్దాయనకు కావలసిన అడుగు నలభై ఆరులో ఉంది.

స్టిక్కర్ పీకేస్తే వంపు పోతుందని చేతులు దురదపెట్టాయి. చాలా ఏళ్ళ క్రితం ఒక వీసీడీకి అలాగే పీకితే స్టిక్కర్‌తోపాటు వెండి పూత ఊడి వచ్చింది. సీడీలో డేటా లేబుల్ కిందే ఉంటుంది, పైన పలచటి లక్క పూత తప్ప ఏమీ లేదు. డీవీడీలో ఆ భయం లేదు, కానీ అంచు విడిన డీవీడీని లాగితే రెండు రేకులూ విడిపోవచ్చు. స్టిక్కర్ జోలికి పోలేదు. పాలిష్ కూడా పట్టించలేదు. ఉన్నది కాపీ తీయకుండా డిస్కు మీద ఏ ప్రయోగమూ చేయను.

కింది వైపు తడి గుడ్డతో నిలువుగా తుడిచాను, గోరుచంద్రుడి వైపు నీళ్ళు తగలకుండా. రెండు అద్దం పలకల మధ్య, మెత్తటి కాగితాల్లో పెట్టి, పైన పాత యూపీఎస్ బ్యాటరీ ఎత్తి రెండు రోజులు ఉంచాను. ఎండలో పెట్టి మెత్తబరచమని మా కుర్రాడి సలహా. రాసుకునే డిస్కుల రంగు పూతకి ఎండే మొదటి శత్రువు. బరువు తీశాక వంపు పూర్తిగా పోలేదు, సగం తగ్గింది.

కాపీకి లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడాను, పాడైన డిస్కుల్లోంచి డేటా లాగే ప్రోగ్రాము. ప్లేయర్ ప్రతి సెకనూ బొమ్మ చూపించాలి కాబట్టి చదవలేని చోట ఆగి ఆలోచించే తీరిక దానికి లేదు. కంప్యూటర్‌కి ఆ తొందర లేదు. ఈ ప్రోగ్రాము ముందు సులువుగా వచ్చేదంతా తెచ్చుకుని, రానిది ఎక్కడెక్కడ ఉందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత అదే ఫైలుతో డిస్కుని వేరే డ్రైవులో పెడితే మిగిలిన ఖాళీలనే వెతుకుతుంది. డ్రైవుకో కన్ను అన్నట్టు, ఒకటి చదవలేనిది ఇంకొకటి చదువుతుంది. కొత్త యూఎస్‌బీ డ్రైవు నలభై మూడు దాటలేదు. లాప్‌టాప్ డ్రైవు అక్కడక్కడా ముక్కలు పట్టింది. పాత ఇనుప సామాను కింద పడేద్దామనుకున్న డెస్క్‌టాప్ రైటర్‌ని స్పీడు తగ్గించి రాత్రంతా వదిలితే, తెల్లారేసరికి యాభై రెండు దాకా వచ్చింది, మధ్యలో నాలుగైదు చిన్న ఖాళీలతో. ఆ తర్వాతది ఏ డ్రైవుకీ చిక్కలేదు, ఒక సెకను, రెండు సెకన్ల తునకలు తప్ప.

పెద్దాయన్ని కొడుకే వెంటబెట్టుకుని వచ్చాడు. మానిటర్ ముందు కుర్చీ వేశాను. నలభై ఆరు దగ్గర పెట్టగానే ఆయన వేళ్ళు కౌంటర్ మీద కదిలాయి. తెరమీద పదహారు మంది ఒకేసారి కూర్చుని లేచి, వెనక్కి తిరిగే చోట ఎడమకాలు ముందు పడుతోంది. "ఇదీ. పిల్లోళ్ళు కుడికాలు ఏస్తాండారు" అన్నాడు. మూడుసార్లు వేయించుకున్నాడు. ఒకచోట గళ్ళు పడితే, "ఇది సీడీదా, నాదా?" అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"చివర మంగళం ఉండాల కదప్పా."

"పోయింది పెద్దాయనా. అక్కడ నీళ్ళు తిన్నాయి."

"మంగళం నోటికొచ్చులే."

పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. వాళ్ళ టీవీ ఎఫ్ఏటీ32 ఫార్మాట్ తప్ప చదవదు, దాంట్లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. వచ్చింది ఆ హద్దు దగ్గర్లోనే ఉంది కాబట్టి రెండు ముక్కలు చేశాను. ఇంకో కాపీ కొడుకు ఫోన్లో. లెన్స్ మార్చలేదు కాబట్టి ప్లేయర్‌కి సర్వీసు చార్జీ మాత్రం తీసుకున్నాను. ఒకసారి ఊరికే తిప్పించిన బస్సు చార్జీ దాంట్లో తగ్గించబోతే ఆయన ఒప్పుకోలేదు. వాడనప్పుడు ప్లేయర్ మీద గుడ్డ కప్పమని, పని బట్టలు ఆ గదిలో దులపొద్దని చెప్పి పంపాను.

నవమి అయిన రెండు నెలలకు అదే టవల్లో ప్లేయర్ మళ్ళీ వచ్చింది. ఈసారి ట్రే బయటికి రావడం లేదు. బెల్టు సాగింది. మూత తీస్తే లోపల మళ్ళీ అదే తెల్లటి పొడి.